కె.ఎ.పాల్

కె.ఎ.పాల్ (పూర్తి పేరు: కిలారి ఆనంద్ పాల్) ఆంధ్రప్రదేశ్‌కు చెందిన క్రైస్తవ సువార్త ప్రచారకుడు, ప్రజాశాంతి పార్టీ వ్యవస్థాపకుడు. లక్షలాది జనం హాజరైన సువార్త సభలతో ప్రపంచవ్యాప్తంగా పేరు పొందిన ఇతడు, తరువాతి కాలంలో ఆర్థిక జవాబుదారీతనం గురించిన ప్రశ్నలను, ఎన్నికల్లో వరుస పరాజయాలను ఎదుర్కొన్నాడు.

బాల్యము, మత ప్రచారము

పాల్ 1963లో విశాఖపట్నం జిల్లా భీమునిపట్నం సమీపంలోని చిట్టివలసలో జన్మించాడు. యువకుడిగా ఉన్నప్పుడే సువార్త ప్రచారం మొదలుపెట్టాడు. 1990లలో అమెరికాలోని హ్యూస్టన్ కేంద్రంగా 'గాస్పెల్ టు ది అన్‌రీచ్డ్ మిలియన్స్' అనే సంస్థను నడిపాడు. ఆఫ్రికా, ఆసియా దేశాలలో సభలు నిర్వహించి, పలువురు దేశాధినేతలను కలిశాడు. మెదక్ జిల్లా (నేటి సంగారెడ్డి జిల్లా) సదాశివపేట వద్ద అనాథ బాలల కోసం 'చారిటీ సిటీ'ని నెలకొల్పాడు. 2003లో లైబీరియా అధ్యక్షుడు చార్లెస్ టేలర్ పదవి వీడడంలో తన ప్రమేయం ఉందని చెప్పుకున్నాడు. ప్రయాణాలకు, సహాయ కార్యక్రమాలకు 'గ్లోబల్ పీస్ వన్' అనే బోయింగ్ 747 విమానాన్ని ఉపయోగించాడు.

ప్రతిష్ఠ తగ్గుదల

అమెరికాలో క్రైస్తవ సంస్థల జమాఖర్చులకు ప్రమాణాలు నిర్ణయించే 'ఇవాంజెలికల్ కౌన్సిల్ ఫర్ ఫైనాన్షియల్ అకౌంటబిలిటీ' 2005లో పాల్ సంస్థ సభ్యత్వాన్ని రద్దు చేసింది. దాతల విరాళాలపై నడిచే సంస్థకు ఇటువంటి గుర్తింపే నమ్మకానికి ఆధారం. విమానం కూడా తరువాత అరిజోనాలోని నిల్వ కేంద్రానికి చేరింది. 2012 మేలో ఒక హత్యకు కుట్ర పన్నాడన్న ఆరోపణపై ప్రకాశం జిల్లా పోలీసులు పాల్‌ను అరెస్టు చేశారు. ఆరోపణను అతడు ఖండించాడు. అనంతరం బెయిలుపై విడుదలయ్యాడు.

రాజకీయాలు

2008లో ప్రజాశాంతి పార్టీని స్థాపించాడు. 2019లో హెలికాప్టర్ గుర్తుపై నరసాపురం లోక్‌సభ స్థానానికి పోటీ చేశాడు. తాడేపల్లిగూడెం, భీమవరం, కొల్లేరు పరిసరాలలోని ఉండి మొదలైన శాసనసభ స్థానాలు ఈ నియోజకవర్గంలోనివే. 1830లలోనే గోదావరి డెల్టా మిషను మొదలైన నరసాపురం ప్రాంతంలో క్రైస్తవ సంఘాలకు సుదీర్ఘ చరిత్ర ఉంది. అయినను అతనికి మూడు వేల పైచిలుకు ఓట్లు మాత్రమే లభించాయి. 2022 మునుగోడు ఉప ఎన్నికలో 805 ఓట్లు వచ్చాయి. 2024లో విశాఖపట్నం లోక్‌సభ స్థానంలోనూ ఓడిపోయాడు. ఎన్నికలలో బ్యాలెట్ పత్రాలను తిరిగి ప్రవేశపెట్టాలని అతడు వేసిన వ్యాజ్యాన్ని అదే సంవత్సరం నవంబరులో సుప్రీంకోర్టు కొట్టివేసింది.

పరిశీలన

సువార్త సభలకు లూథరన్, బాప్టిస్టు, పెంతెకొస్తు మొదలగు వేర్వేరు సంఘాల విశ్వాసులు వస్తారు. సభ ముగియగానే తమ తమ సంఘాలకు తిరిగి వెళతారు. ఓటు వేసేటప్పుడు గ్రామం, కులం, పార్టీ వంటి బంధాలు కూడా పనిచేస్తాయి. అందువలన సభలోని జనసంఖ్యను బట్టి ప్రచారకుని రాజకీయ బలాన్ని అంచనా వేయడం సరికాదని పాల్ అనుభవం తెలుపుతున్నది.