ఇంటితో పాటు ఏమేం వస్తాయి?

ఇంగ్లండులో ఇల్లు అమ్మేవాళ్ళు నింపాల్సిన కాగితాల్లో టీఏ10 అనే ఫారం ఒకటుంది. ఇక్కడి సొలిసిటర్ల సంఘమైన లా సొసైటీ తయారుచేసింది. మనవాళ్ళెవరు మొదటిసారి చదివినా ఆశ్చర్యపోతారు. కాలింగ్ బెల్లు ఉంచుతున్నారా, తీసుకెళ్తున్నారా? కరెంటు స్విచ్చులు? ప్లగ్గు సాకెట్లు? బాత్రూములో సబ్బు పెట్టుకునేది, టాయిలెట్ పేపరు తగిలించుకునేది? పెరట్లో బట్టలారేసుకునే తీగ, వాన నీళ్ళు పట్టుకునే పీపా, చెట్టూ చేమా? ప్రతిదాని ఎదుటా గళ్ళుంటాయి. ఇంటితో పాటు ఇస్తున్నారో, ఇవ్వడం లేదో, వేరే ధరకు అమ్ముతారో రాయాలి. గదిలో లైటు తీసుకెళ్ళేవాళ్ళు దాని స్థానంలో వైరు, హోల్డరు, అందులో ఒక బల్బు పెట్టి వెళ్తారని భావిస్తున్నట్టు కూడా ఆ ఫారంలోనే అచ్చయి ఉంది.

ఇక్కడ ఇల్లు కొనుక్కున్నప్పటి నుంచీ నాకు ఈ ఫారం అంటే ఆసక్తి. ఇంగ్లండు చరిత్ర అనగానే మనకు ఈస్టిండియా కంపెనీ, ప్లాసీ యుద్ధం, విక్టోరియా రాణి గుర్తొస్తారు. ఈ దేశంలో మామూలు మనుషులు ఎలా బతికారో, దేన్ని తమదనుకున్నారో తెలియాలంటే మాత్రం ఈ గళ్ళ వెనకున్న కోర్టు తీర్పుల్లోకి వెళ్ళాలి. నాలుగు వందల ఏళ్ళకు పైబడిన కథ అది. చదివినకొద్దీ నాకు అర్థమైంది ఇదీ: ఒక వస్తువు అపురూపంగా ఉన్నంతకాలం అది మనిషి వెంట వెళ్ళింది. నలుగురికీ అందుబాటులోకి వచ్చాక ఇంట్లో ఉండిపోయింది.

కిటికీ అద్దం సంగతే చూడండి. 16వ శతాబ్దంలో ఇక్కడి ప్రభువులకు ఒక్క ఇల్లు కాదు, నాలుగైదు కోటలుండేవి. ఒకచోట కొన్నాళ్ళుండి ఇంకోచోటికి తరలేవాళ్ళు. వెళ్ళేటప్పుడు మంచాలు, పరుపులు, గోడలకు వేలాడదీసిన బొమ్మల నేత తెరలు బండ్లకెక్కేవి. మంచమంటే ఆ రోజుల్లో ఎంత విలువైందంటే, షేక్‌స్పియర్ 1616 నాటి వీలునామాలో భార్యకు తన రెండో రకం మంచాన్ని దాని సరంజామాతో సహా ప్రత్యేకంగా రాశాడు. అద్దమూ అంత ఖరీదైన సరుకే. నార్తంబర్లాండ్ ప్రభువుల ఆనిక్ కోటను 1567లో సర్వే చేసినవాళ్ళు, ప్రభువు కోటలో లేనప్పుడు గాలికి పగిలిపోకుండా కిటికీల అద్దాలు ఊడదీసి భద్రం చేయాలని సలహా రాసిపెట్టారు. ఇల్లొకరికి, కిటికీ అద్దాలింకొకరికి చెందడం అప్పట్లో వింత కాదు.

ఆ పద్ధతిని మార్చింది 1589 నాటి హెర్లకెండెన్ కేసు. మేకులతో బిగించినా ఇంకోలా బిగించినా కిటికీ అద్దం ఇంటిదేనని, అద్దం లేని ఇల్లు పూర్తి ఇల్లు కాదని కోర్టు అంది. గోడలకు తాపిన చెక్క పలకలకూ ఇదే వర్తింపజేసింది. ఆనాటి మహా న్యాయకోవిదుడు ఎడ్వర్డ్ కోక్ దీన్ని తన తీర్పుల సంపుటాల్లో చేర్చడంతో తరతరాల లాయర్లకు అది ఆధారమైంది. అంతకుముందు తరంలో సామాను అనుకున్నది ఆ తీర్పుతో ఇంట్లో భాగమైపోయింది. అలాగని అద్దం వెంటనే బీదవాళ్ళ ఇంటికి చేరలేదు. 1696లో కిటికీల లెక్కన ఇంటి పన్ను వేశారు, 1745లో అద్దం తయారీ మీదే సుంకం వేశారు. అద్దం సుంకం 1845లో, కిటికీ పన్ను 1851లో పోయాయి. పన్ను తప్పించుకోవడానికి ఇటుకలతో మూసేసిన కిటికీలు ఇక్కడి పాత వీధుల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. వెలుతురు మీద పన్ను కట్టించుకున్న ప్రభుత్వం అది. ఆ గోడల పక్క నుంచి నడిచినప్పుడల్లా నాకు కోపమొస్తుంది.

నేలకు అతికించినది నేలతోనే పోతుందన్నది రోమన్ల నాటి సూత్రం. ఇంగ్లండు న్యాయస్థానాలు దీన్ని గట్టిగా పట్టుకున్నాయి. భూమి ఉన్నవాడికి ఇది వరం, అద్దెకున్నవాడికి శాపం. సొంత డబ్బుతో ఏది కట్టుకున్నా గడువు తీరేసరికి అది యజమానిదైపోయేది. వ్యాపారులకు మాత్రం మొదట్లోనే మినహాయింపు దొరికింది. 1703లో ఒక సబ్బుల తయారీదారు అద్దె స్థలంలో పెట్టుకున్న తొట్లను గడువు లోపల తీసుకెళ్ళవచ్చని ప్రధాన న్యాయమూర్తి హోల్ట్ అన్నాడు. రైతుకు ఆ దయ చూపించలేదు. 1802లో ఎల్వెస్, మా అనే ఇద్దరి మధ్య నడిచిన కేసులో కౌలుదారు తన ఖర్చుతో పశువుల కొట్టం, బండ్ల పాక, వడ్రంగి పాక కట్టుకున్నాడు. పోతూ పోతూ వాటిని విప్పుకుని తీసుకెళ్తే, అది తప్పని కోర్టు తేల్చింది. వ్యాపారం దేశానికి లాభమట, వ్యవసాయానికి ఆ మినహాయింపు చెల్లదట. కౌలు రైతుల కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి కాబట్టి ఆ తీర్పు ఎంత అన్యాయమో నేను విడమరచి చెప్పనక్కరలేదు. భూస్వామి ఒప్పుకోలుతో కట్టినవాటిని కౌలుదారు తీసుకెళ్ళేందుకు పార్లమెంటు 1851లో చట్టం చేసేదాకా అర్ధ శతాబ్దం ఆ తీర్పే నడిచింది.

మనకు సంబంధించిన సంగతి కూడా ఒకటి ఇక్కడే చెప్పాలి. రోమన్ల సూత్రం యథాతథంగా భారతదేశానికి వర్తించదని 1866లో కలకత్తా హైకోర్టు ఫుల్ బెంచి ప్రకటించింది. మన దేశపు ఆచారం ప్రకారం, ఒకరి నేలలో ఇంకొకరు మంచి నమ్మకంతో కట్టుకున్న కట్టడం నేలకు అంటుకున్నంత మాత్రాన నేల యజమానిది కాదంది. తర్వాత వచ్చిన 1882 ఆస్తి బదిలీ చట్టంలోనూ ఆ వాసన ఉంది. కిరాయికున్నవాళ్ళు తాము బిగించుకున్నవి తీసుకెళ్ళవచ్చు, స్థలాన్ని తీసుకున్నప్పటి స్థితిలో అప్పగిస్తే చాలని 108వ సెక్షన్ చెబుతుంది. ఇల్లు మారే ప్రతిసారీ మన అద్దెదారు సీలింగ్ ఫ్యాను విప్పుకుని వెళ్ళడం వెనక ఇంత ఉంది.

అదే 1866లో ఇంగ్లండులో హార్లాక్స్‌టన్ భవనం గురించి తీర్పు వచ్చింది. లింకన్‌షైర్‌లోని ఆ భవనం తోటలో రాతి సింహాలు, పూలకుండీలు, రాతి ఆసనాలు ఉండేవి. ఏదీ సిమెంటుతో అతికించింది కాదు, తమ బరువు మీద తాము నిలబడ్డవే. అయినా అవి భవన నిర్మాణ పథకంలో భాగమే కాబట్టి భవనానివే అంది కోర్టు. 1902లో లూటన్ హూ భవనంలోని నేత తెరల కేసు దీనికి సరిగ్గా ఎదురు. ఆ తెరలను చట్రాలకు కొట్టి గోడలకు బిగించారు. అయినా అవి ఇంటివి కావు, యజమానురాలి సామానే అంది హౌస్ ఆఫ్ లార్డ్స్. తెరను తెరగా చూసి ఆనందించాలంటే ఎక్కడో ఒకచోట బిగించక తప్పదు కదా అన్నది వాళ్ళ వాదన. అంటే అతికించావా లేదా అన్నది సగం ప్రశ్నే. ఎందుకు అతికించావన్నది మిగతా సగం.

ఈ రెండు ప్రశ్నలనూ స్పష్టంగా ఒకచోట పెట్టినవాడు జస్టిస్ బ్లాక్‌బర్న్. 1872లో ఆయన తీర్పు చెప్పిన కేసు యార్క్‌షైర్‌లో తాకట్టులో ఉన్న ఒక నేతమిల్లుది. నేలకు మేకులతో బిగించిన మగ్గాలు తాకట్టు పెట్టుకున్నవాళ్ళవా, మిగతా అప్పులవాళ్ళవా అన్నది తగాదా. మగ్గాలు మిల్లులో భాగమేనని తీర్పు చెబుతూ ఆయన ఒక ఉదాహరణ ఇచ్చాడు. సున్నం, మట్టి లేకుండా రాయి మీద రాయి పేర్చి పొలం గట్టున గోడ కడితే అది భూమిలో భాగం. అవే రాళ్ళను ఇళ్ళు కట్టే కాంట్రాక్టరు తన ఆవరణలో వీలు కోసం అదే ఆకారంలో పేర్చితే అవి విడి సామానే. ఇంత తేలికైన మాటల్లో ఇంత చిక్కు ప్రశ్నను విప్పిన తీర్పు నేను ఇంకొకటి చదవలేదు. 

ఈ తగాదాలన్నీ వారసులవి, అప్పులవాళ్ళవి, భూస్వాములవి. సామాన్యులకు అమ్ముకోవడానికి ఇల్లుంటే కదా? 1918 నాటికి ఇంగ్లండు, వేల్సులలో సొంత ఇంట్లో ఉన్న కుటుంబాలు 23 శాతమే. మిగతా అందరూ అద్దెకుండేవాళ్ళే. 1971కి సగం కుటుంబాలు సొంతింటివాళ్ళయ్యాయి. సంపన్నుల భవనాల్లో సింహాల గురించి, తెరల గురించి పుట్టిన న్యాయసూత్రాలు అలా గుమాస్తాల, డ్రైవర్ల, నర్సుల ఇళ్ళలో కార్పెట్ల మీదికి, కర్టెన్ రాడ్ల మీదికి వచ్చి పడ్డాయి. ఇల్లు చూసి మురిసి బేరం కుదుర్చుకున్నవాళ్ళు తాళం తీసుకుని లోపలికి వెళ్తే బల్బు కూడా మిగలని సందర్భాలు వచ్చాయి. ఇళ్ళ అమ్మకానికి ఒక క్రమపద్ధతి కావాలని లా సొసైటీ 1990లో నియమావళి తెచ్చింది. నేను మొదట చెప్పిన ఫారం ఆ వరసలోదే.

1996 నాటి బోథమ్ కేసు ఈ కాలపు హెర్లకెండెన్ అంటాను నేను. అప్పు కింద ఒక బ్యాంకు లండన్‌లో ఒక ఫ్లాటును స్వాధీనం చేసుకుంది. లోపలున్న వస్తువుల్లో ఏవి ఫ్లాటులో భాగమో కోర్టు ఒక్కొక్కటిగా తేల్చాల్సి వచ్చింది. బాత్రూము కుళాయిలు, టవల్ రాడ్లు, సబ్బు పెట్టెలు ఇంటివే. వంటింట్లో గోడలకు బిగించిన అరలు, సింకు ఇంటివే. కార్పెట్లు, కర్టెన్లు, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ యజమానివి. వంటింటి అరలు ఒకప్పుడు విడి బీరువాలుగా మనిషితో పాటు ఇల్లు మారేవి. ఇవాళ వాటిని పీకితే గోడ పాడవుతుంది, వంటిల్లు వంటిల్లుగా మిగలదు. నాలుగు వందల ఏళ్ళ కిందట కిటికీ అద్దం గురించి చెప్పిన మాటే ఇదీ.

అమ్మేవాళ్ళు మోసం చేయాలనుకుంటే దారులుంటాయి. కొనేవాళ్ళు ఇల్లు చూసి వెళ్ళాక, ఇంకా కాంట్రాక్టు కాకముందే తోటలో పరిచిన రాతి పలకలు లేపి తీసుకెళ్ళాడు ఒకాయన. పలకల గురించి అవతలి సొలిసిటర్ అడిగితే సూటిగా జవాబు ఇవ్వలేదు. 2002లో అప్పీలు కోర్టు జడ్జీలు ఏకాభిప్రాయానికి రాకపోయినా మెజారిటీ కొన్నవాళ్ళ వైపే నిలిచింది. నా దృష్టిలో అదే సరైన తీర్పు. కళ్ళతో చూసి ఇష్టపడ్డ ఇంటికే మనిషి డబ్బు ఇస్తాడు.

తీసుకెళ్ళడమే కాదు, వదిలేయడమూ తప్పవుతుంది. 1946 నాటి ఒక కేసులో గోదాము అమ్మినవాళ్ళు కింది గదుల్లో గడ్డకట్టిన సిమెంటు బస్తాల్ని అలాగే వదిలేశారు. ఖాళీ చేసి అప్పగిస్తామన్న షరతును ఇది ఉల్లంఘించినట్టేనని కోర్టు అంది. ఇక్కడ అటక మీద పాత పరుపులు, తోట షెడ్డులో ఎండిన పెయింటు డబ్బాలు వదిలేస్తే అమ్మినవాళ్ళే ఖర్చు భరించి తీయించాలి.

అయితే ఎవరూ ఫిర్యాదు చేయని వస్తువులూ పాత ఇళ్ళలో దొరుకుతాయి. పొగగూటి లోపల, కప్పు కింద, గోడ సందులో అరిగిపోయిన చెప్పుల జోడో, ఒంటి చెప్పో. వాటిలో చాలా పిల్లలవే. చెప్పుల తయారీకి పేరుపడ్డ నార్తాంప్టన్‌లోని మ్యూజియం ఇలా దొరికినవాటికి జాబితా రాస్తూ వస్తోంది. ఎందుకు దాచారో రాసిపెట్టినవాళ్ళు లేరు. చెడు ఇంట్లోకి రాకుండా అని పండితుల ఊహ. మన గుమ్మానికి కట్టే దిష్టి గుమ్మడికాయ లాంటిదన్నమాట. మరమ్మతుల్లో చెప్పు దొరికితే చాలామంది దాన్ని మళ్ళీ అక్కడే పెట్టేస్తారు. ఇల్లు మనకంటే ముందు ఇంకొకరిది, మన తర్వాత మరొకరిది అన్న ఎరుక అందులో ఉంది. నాకు ఈ ఇల్లు అమ్మినవాళ్ళు బాయిలర్ సర్వీసు రసీదులు, ఏ రోజు ఏ చెత్త తీసుకెళ్తారో రాసిన చీటీ ఒక ఫైల్లో పెట్టి వంటింటి గట్టు మీద ఉంచి వెళ్ళారు. ఏ ఫారమూ వాళ్ళను అడగలేదు. 

ఇక్కడ మొక్కలకూ ఒక లెక్క ఉంది. నేలలో నాటిన మొక్క, వేరే రాసుకుంటే తప్ప, కొన్నవాళ్ళది. కుండీలో ఉన్నది అమ్మినవాళ్ళది. తులసి, కరివేపాకు చలికి తట్టుకోలేక ఎలాగూ మనవాళ్ళ ఇళ్ళలో కుండీల్లోనే ఉంటాయి కాబట్టి వాటికి చిక్కు లేదు. నేలలో వేసిన గులాబీ మీదో మల్లె మీదో ప్రాణం పెట్టుకున్నవాళ్ళు మాత్రం ఫారంలో ముందే రాయాలి.

ఇక మన దగ్గరి సంగతి. ముందు చెప్పిన 1882 ఆస్తి బదిలీ చట్టం 8వ సెక్షన్ ప్రకారం ఇల్లు అమ్మితే తాళాలు, తాళంచెవులు, గడియలు, తలుపులు, కిటికీలు, శాశ్వత వాడకానికి అమర్చినవన్నీ దాంతోనే పోతాయి. శాశ్వత వాడకం అంటే ఏమిటన్న దగ్గరే మన గొడవలన్నీ. ఏసీలు, గీజర్లు, వంటింటి చిమ్నీ, ఇన్వర్టరు, వార్డ్‌రోబులు, పూజగది తలుపు, పాత మండువా లోగిలి అయితే టేకు స్తంభాలు. ఆ చట్టం రాసిననాడు వీటిలో చాలావాటికి పేరు కూడా లేదు. హైదరాబాదులోనో విజయవాడలోనో ఫ్లాటు కొనేవాళ్ళు నెలల తరబడి ధర బేరమాడతారు, వీటి గురించి నోటిమాటతో సరిపెడతారు. రిజిస్ట్రేషన్ అయ్యాక ఖాళీ గోడల మధ్య నిలబడి తగాదా పడేకన్నా, అడ్వాన్సు ఇచ్చేనాడే గది గదికీ తిరిగి ఉంచేవేవో, తీసుకెళ్ళేవేవో రాసుకుని, ఇద్దరూ సంతకం చేసి అగ్రిమెంటుకు జతచేయండి. ఒక్క కాగితం చాలు.