ఏజెన్సీ అనే పేరు మనకెలా వచ్చింది?



కాలేజీలో "మీదెక్కడ?" అని అడిగితే మనం ఠక్కున "ఏజెన్సీ" అంటాం. సీతంపేట వాళ్లమైనా, కురుపాం వాళ్లమైనా అదే జవాబు. అది ఇంగ్లీషు మాటన్న సంగతే మర్చిపోయాం. అసలు ఎక్కడిది ఈ మాట?

దీని మూలం లాటిన్ భాషలోని "అగెరె". అంటే తోలడం, నడపడం. పశువుల్ని తోలడానికీ ఆ మాటే వాడేవారు. దాన్నుంచే ఏజెంట్, అంటే ఒకరి తరఫున పని నడిపేవాడు. అతని అధికారం ఏజెన్సీ.

మరి అది మన కొండలకెందుకు అంటుకుంది? 1830ల్లో పర్లాకిమిడి, పాలకొండ వైపు జమీందార్లు కంపెనీ మీద తిరగబడ్డారు. అణచడానికి రస్సెల్ అనే అధికారిని పంపారు. అతని సిఫార్సుతో 1839లో 24వ చట్టం వచ్చింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాల్లో మామూలు కోర్టులు చెల్లవన్నారు. కలెక్టరే గవర్నర్‌కి ఏజెంట్. ఆ ఏజెంటు ఏలిన నేల కాబట్టి ఏజెన్సీ. అంటే ఇది కొండ పేరు కాదు, మన జాతి పేరూ కాదు. ఒక ఆఫీసరు హోదా పేరు!

అలాగని తీసిపారేసే మాట కాదు. 1917 చట్టం ప్రకారం ఏజెంటు అనుమతి లేకుండా గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకూడదు. 1959 రెగ్యులేషన్‌లోనూ ఏజెంట్ ఉన్నాడు. దాన్ని సవరించిందే మనందరికీ తెలిసిన 1/70.

చిక్కల్లా హద్దు దగ్గరే. మొదట గీసిన ఏజెన్సీ హద్దుని తర్వాత కుదించారు. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వుతో షెడ్యూల్డ్ ప్రాంతాలు ఖరారయ్యాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఎన్నో సవర, జాతాపు ఊళ్లు ఆ గీతకి బయటే ఉండిపోయాయి. అదే కొండ, అదే పోడు, అవే చుట్టరికాలు. కానీ ఒక ఊరికి 1/70 రక్షణ ఉంది, పక్క ఊరికి లేదు.

2022లో పార్వతీపురం మన్యం జిల్లా వచ్చింది. మన్యం అన్న పాత తెలుగు మాట మళ్లీ బోర్డుల మీదకొచ్చింది, సంతోషమే. కానీ పేరు మారినంత మాత్రాన గీత జరగలేదు కదా!

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి ఇంటికెళ్లినప్పుడు ఒక్క పని చేయండి. మీ ఊరు షెడ్యూల్డ్ జాబితాలో ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే ఊరి పేరు, మండలం ఇక్కడ రాయండి. అన్నీ ఒకచోట చేర్చి, అడగాల్సిన చోట కలిసి అడుగుదాం.