నంద్యాల – ఆళ్లగడ్డ: చరిత్ర, పౌర జీవనం

నంద్యాల, ఆళ్లగడ్డ ఆంధ్రప్రదేశ్‌లో నల్లమల, ఎర్రమల కొండల నడుమ కుందూ నది పారే నల్లరేగడి నేలలోని పట్టణాలు. కర్నూలు నుంచి కడపకు పోయే జాతీయ రహదారి మీద ఈ రెండింటికీ మధ్య దూరం సుమారు 40 కిలోమీటర్లు; దారిలో సిరివెళ్ల తగులుతుంది. 2011 లెక్కల్లో నంద్యాల జనాభా 2 లక్షలు దాటగా, ఆళ్లగడ్డలో సుమారు 30 వేల మంది ఉన్నారు. 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లాను విడదీసి నంద్యాల కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పరిచారు. మున్సిపాలిటీ హోదా 1899లోనే వచ్చినా, కలెక్టరు కార్యాలయంలో చిన్న పనికైనా నంద్యాల వాళ్లు అంతవరకూ కర్నూలు బస్సెక్కక తప్పలేదు.

ఊరి పేరు చుట్టుపక్కల ఉన్న నవనందుల నుంచి వచ్చిందంటారు. ప్రథమ నంది, నాగ నంది, సోమ నంది వంటివి పట్టణంలోనే ఉన్నాయి. అన్నిటికన్నా పేరున్న మహానంది నల్లమల అంచున ఉంది. కార్తీక మాసంలో పొద్దుగుంకేలోపు తొమ్మిదింటినీ దర్శించుకోవడం ఇక్కడి ఆనవాయితీ. మహానంది కోనేటిలోకి ఊటనీరు ఏడాది పొడవునా వస్తూనే ఉంటుంది. అడుగున పడ్డ నాణెం పైనుంచి చూసినా కనిపించేంత తేట నీరది. అదే నీరు గుడి దాటి అరటితోటలకు పారుతుంది.

విజయనగర కాలంలో అరవీటి వంశపు శాఖ ఒకటి నంద్యాల రాజులుగా ఈ సీమను ఏలింది. పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ అంకితం పొందిన నంద్యాల కృష్ణమరాజు ఈ వంశంవాడే. తెలుగు సాహిత్య విద్యార్థులకు ఈ ఊరు తొలిసారి తగిలేది బహుశా ఆ కృతిపతి ఇంటిపేరులోనే. ఆ తర్వాత ఈ ప్రాంతం కర్నూలు నవాబుల చేతికి వెళ్లింది. 1839లో ఆయుధాలు పోగుచేస్తున్నాడన్న అభియోగంతో ఈస్టిండియా కంపెనీ వారు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను పట్టుకుని, ఆయన సీమను స్వాధీనం చేసుకున్నారు.

ఆళ్లగడ్డ వైపు చరిత్రలో పాలెగాళ్లదే పెద్ద పాత్ర. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో కోవెలకుంట్లలోని కంపెనీ ఖజానా మీద పడ్డాడు. భరణం తగ్గించడం, మాన్యాలు లాగేసుకోవడం వంటి వాటితో రేనాడు అని పిలిచే ఈ ప్రాంతపు పల్లెల్లో రగిలిన కోపం ఆయన వెనక నిలిచింది. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ను కోవెలకుంట్లలో ఉరితీశారు. ఆయన తలను కోట బురుజు మీద 1877 వరకు అలాగే వేలాడదీసి ఉంచారు. సైరా పాటలూ బుర్రకథలూ ఊరూరా పాడుకున్న ఈ కథ 2019లో సినిమాగా వచ్చేదాకా కోస్తా వాళ్లకు అంతగా తెలియదు.

రాజులకన్నా కాలువే ఈ నేలను ఎక్కువగా మార్చింది. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలయ్యే కర్నూలు–కడప కాలువను మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1860లలో తవ్వించింది. పడవలు నడిపి సరుకు రవాణా మీద, నీరమ్మి సాగు మీద లాభం తీయాలన్నది వాటాదారుల ఆశ. అది పండలేదు. జొన్న, పత్తి వేసుకునే నల్లరేగడి రైతుకు కాలువ నీరు మొదట్లో అక్కర్లేని బరువుగా తోచింది. డబ్బు కట్టి నీళ్లు తీసుకోవడానికి ముందుకు రాలేదు. నష్టాల్లో కూరుకుపోయిన కంపెనీ నుంచి 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది. లండన్ మదుపరుల చేతులు కాల్చిన ఆ కాలువే తర్వాత నంద్యాలను వరి, బియ్యం మిల్లుల ఊరిగా చేసింది. ఇప్పుడు హైదరాబాదు, బెంగళూరు కొట్లలో ‘కర్నూలు సోనా’ అని రాసి అమ్మే బియ్యంలో చాలాభాగం ఈ మాగాణిదే.

పంట పరిశోధనకూ ఇది పాత ఊరే. 1906లో మొదలైన ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రం నేటి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం. ‘నరసింహ’ పత్తి, ‘నంద్యాల సోనా’ వరి, యంత్రంతో కోసుకోవడానికి వీలైన ‘ధీర’ శనగ ఇక్కడ పుట్టిన రకాలు. ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల చుట్టుపక్కల పల్లెల్లో హైబ్రిడ్ పత్తి విత్తనం పండించడం పెద్ద జీవనాధారమైంది. దీన్ని క్రాసింగు అంటారు. సాయంత్రం ఆడ మొక్క మొగ్గను వేళ్లతో విప్పి పుప్పొడి తిత్తులు తీసేస్తారు; మర్నాడు పొద్దున మగ మొక్క పువ్వు తెచ్చి దాని కీలాగ్రానికి రుద్దుతారు. ఒక్కో పువ్వుకీ ఇదే పని. చిన్న వేళ్లకు చురుకు ఎక్కువన్న సాకుతో బడికి పోవలసిన ఆడపిల్లలను ఈ పనికి దించడం మీద విమర్శలు గట్టిగానే వచ్చాయి.

నంద్యాల చరిత్రలో అన్నిటికన్నా గుర్తుంచుకోవలసిన సంవత్సరం 1928. ఆ నవంబరులో సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన ఆంధ్ర మహాసభ ఇక్కడ జరిగింది. దానితోపాటు కడప కోటిరెడ్డి అధ్యక్షతన దత్తమండలాల సమావేశమూ జరిగింది. నిజాం ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేసిన ఈ జిల్లాలను ‘సీడెడ్’ అని పిలవడం నామోషీగా తోచిన ఆ సభలో చిలుకూరి నారాయణరావు ‘రాయలసీమ’ అనే పేరు సూచించారు. ఒకరు ఇచ్చుకున్న, మరొకరు పుచ్చుకున్న నేల అన్న గుర్తు పోయి, సొంత చరిత్ర ఉన్న సీమగా జనం తమను తాము చెప్పుకోవడం అక్కడ మొదలైంది. ఆ పేరు పెట్టిన గౌరవం ఎవరిదన్న వాదన ఇంకా నడుస్తున్నా, ఊరి విషయంలో మాత్రం పేచీ లేదు.

ఊరి బడులూ చర్చిలూ చాలావరకు ఆంగ్లికన్ల ఎస్.పి.జి. మిషన్ కాలం నాటివి. 1947లో ప్రొటెస్టెంటు శాఖలు కలిసి దక్షిణ భారత సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడ్డప్పుడు నంద్యాల ఆంగ్లికన్లలో చాలామంది అందులో కలవలేదు. 1970లలో గాని మనసు మార్చుకోలేదు. ఆ మొండితనం ఈ సీమ స్వభావానికి దూరమైనదేం కాదు.

ఓట్ల లెక్కలో నంద్యాల ఢిల్లీకి బాగా దగ్గర. 1977లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ సీట్లలో జనతా పార్టీ గెలిచింది ఒక్క నంద్యాలే. గెలిచిన నీలం సంజీవరెడ్డి ఆ ఏడే రాష్ట్రపతి అయ్యారు. 1991లో ఎంపీగా లేకుండానే ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు కోసం గంగుల ప్రతాపరెడ్డి ఈ సీటు ఖాళీ చేశారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్.టి. రామారావు పోటీ పెట్టలేదు. బీజేపీ తరఫున బంగారు లక్ష్మణ్ నిలబడ్డారు. పి.వి. మెజారిటీ 5.80 లక్షలు, అప్పటికది దేశంలోనే రికార్డు.

ఆళ్లగడ్డ రాజకీయం గంగుల, భూమా కుటుంబాల మధ్య దశాబ్దాలుగా నలిగింది. 2014 ఏప్రిల్‌లో పోలింగుకు ముందే రోడ్డు ప్రమాదంలో చనిపోయిన భూమా శోభా నాగిరెడ్డికే ఇక్కడి ఓటర్లు మెజారిటీ ఇచ్చారు. ఉప ఎన్నికలో ఆమె కూతురు అఖిలప్రియ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. ఫ్యాక్షన్ మాటెత్తితే బయటివాళ్లకు ముందుగా ఈ ఊరే గుర్తుకొస్తుంది. అది పూర్తిగా అబద్ధం కాదు, కానీ ఊరంతా అదే కాదు.

ఎందుకంటే ఆళ్లగడ్డకు ఇంకో పేరు శిల్పుల ఊరు. రాతి చెక్కడానికి భౌగోళిక సూచిక గుర్తింపు ఉంది. పనిశాలల్లో రాతిదిమ్మ మీద గీతలు గీసి కొలతలు పెడతారు. మోటు పని ఇప్పుడు కోత మిషన్లు చేస్తున్నాయి. ముఖం, వేళ్లు, నగల దగ్గరికి వచ్చేసరికి మళ్లీ ఉలీ సుత్తే. ఇక్కడి విగ్రహాలు దూరదేశాల తెలుగువాళ్లు కట్టుకున్న గుళ్లకూ వెళ్తున్నాయి.

అహోబిలానికి వాకిలి ఆళ్లగడ్డే. సంక్రాంతికి మొదలయ్యే పారువేటలో నరసింహస్వామి పల్లకి 40 రోజులకు పైగా పల్లెపల్లె తిరుగుతుంది. చెంచులక్ష్మితో తన పెళ్లికి స్వామే స్వయంగా పిలవడానికి వస్తాడని నమ్మకం. పల్లకి మోయడం, విడిది ఇవ్వడం ఏయే ఊరి హక్కో తరతరాలుగా తేలిపోయి ఉంటుంది. అంత కలహాల సీమలో ఇన్ని ఊళ్లు ఒక వరుసకు కట్టుబడటం చిన్న విషయం కాదు.

వాన ఎక్కువైతే నంద్యాలకు ముప్పు మూడు వైపుల నుంచి: కుందూ, మద్దిలేరు, చామకాలువ. 2019 సెప్టెంబరు వానలకు మహానంది గుడి ఆవరణ కూడా మునిగింది. ఒడ్లు ఆక్రమించుకుంటూ కాలనీలు పెరగడం ఇందుకు సగం కారణం.

పారిశ్రామికంగా ఊరికి పేరు తెచ్చింది నంది పైపులు. భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్)లో పనిచేసి వచ్చిన ఎస్.పి.వై. రెడ్డి ఆ సంస్థను పెంచి, తర్వాత మూడుసార్లు ఎంపీ అయ్యారు. రూపాయికే రొట్టె, పప్పు పెట్టించిన మనిషిగానూ ఆయన్ను తలుచుకుంటారు. రైలు విషయానికొస్తే, నల్లమలలో బొగద సొరంగం గుండా గుంటూరుకు పోయే పాత లైనుకు తోడు 2016లో ఎర్రగుంట్ల లైను తెరిచారు. దాంతో బనగానపల్లె, కోవెలకుంట్లకు రైలు కూత వినిపించింది.

కొత్త జిల్లా రాకతో స్థలాల తగువు మొదలైంది. ప్రభుత్వ వైద్య కళాశాలకు వ్యవసాయ పరిశోధనా స్థానం భూమిలో 50 ఎకరాలు కేటాయించగా, వందేళ్లు దాటిన ప్రయోగ పొలాలు పోతాయని రైతులు కోర్టుకెక్కారు. ఆసుపత్రీ కావాలి, విత్తనమూ కావాలి. ఊరికి బయట వేరే చోటు చూసి ఉంటే బాగుండేదన్న రైతుల వాదన తోసిపుచ్చదగ్గది కాదు. కళాశాల మాత్రం 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది.