క్రొత్తవారును కొఱకరాని కొయ్యలును

పొలిమేర దాటి ఊరిలో అడుగిడిన క్రొత్తమనిషిని మొదట పలుకరించునది వీధికుక్క. పిదప పేరును ఊరును అడుగువాడు రచ్చబండమీది ముదుసలి. అంతర్జాలక్రీడాలోకముల పూర్వచరిత్రను పరిశీలించినచో, వాని నిర్మాతలు పడిన పాటంతయు ఈ క్రమమును తారుమాఱు చేసి, ముదుసలిని ముందును కుక్కను వెనుకను నిలుపుటకే యని తోచును.

1978లో ఇంగ్లండునందలి ఎసెక్సు విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్‌షా యను విద్యార్థి పీడీపీ-10 యంత్రముపై 'మడ్' అను ఆటను వ్రాయ నారంభింపగా, 1980 నాటికి ఆ భారమును సహవిద్యార్థియైన రిచర్డ్ బార్టిల్ తలకెత్తుకొనెను. అందు బొమ్మలు లేవు, ధ్వని లేదు. అడవులు, ఖడ్గములు, నిధులు అన్నియు అక్షరములే. క్రొత్తగా చేరినవాడు 'నోవిస్'. నిధులు కూడబెట్టి, పోరి, మెట్లెక్కి కొనకు చేరినవాడు 'విజార్డు', అనగా మాంత్రికుడు. ఆటగాడు ఆటగానిని చంపవచ్చును. పోరున కూలినవాడు ఎన్నాళ్లనుండియో ఆర్జించినదంతయు ఒక్క క్షణమున బూడిదయగును. క్రొత్తవానిని వేధించు తుంటరిని అదుపుచేయు నధికారము విజార్డులదే. గుప్పెడుమంది మసలు చోట ఒకరి గుణమొకరికి తెలియును గనుక ఆ పెద్దఱికము చెల్లినది. పెద్దలే తుంటరులై, కంచె చేను మేసినచో నేమిగతి యన్న ప్రశ్నకు మాత్రము ఆ కాలమున సమాధానము లేదు.

ఇట్లు చూచిన జనమును బార్టిల్ 1996లో ఒక వ్యాసమున పేకముక్కలతో పోల్చి నాలుగు తెగలుగా విభజించెను: నిధులు కూర్చువారు డైమను, లోకమును త్రవ్వి చూచువారు ఇస్పేటు, మాటామంతికై వచ్చువారు ఆఠీను, ఇతరులను మోది ఆనందించువారు కళావరు. కళావరు పెచ్చుపెరిగినచోట ఆఠీను నిలువజాలదని ఆయన గ్రహించిన విషయము తరువాతి వారికందఱికిని పెద్దబాలశిక్ష కావలసియుండెను, కాలేదు.

అంతకు పదియేండ్ల ముందే, 1986లో, అమెరికాలో లూకాస్‌ఫిల్మ్ వారు కమొడోర్-64 యంత్రములకై పరీక్షార్థము తెఱచిన 'హాబిటాట్' లోకమున చిప్ మార్నింగ్‌స్టార్, ర్యాండీ ఫార్మర్ అను నిర్మాతలు జనుల చేతికి తుపాకులనిచ్చి, దొంగతనమున కడ్డుపెట్టక, జరుగునది చూచుచు గూర్చుండిరి. జరుగవలసినదే జరిగినది. ఆటలో చంపుట నేరమా, వినోదమా యని జనులనే అడుగగా అభిప్రాయములు సరిసగముగా చీలెను. నిజజీవితమున గ్రీకు సనాతన క్రైస్తవ మతాచార్యుడైన యొక ఆటగాడు 'పవిత్ర అక్రోటు సంఘము' అను మఠమును స్థాపించి, తన శిష్యులు ఆయుధము పట్టరాదు, దొంగిలరాదు, హింసింపరాదని నియమించెను. (అక్రోటుకాయకును అహింసకును గల సంబంధము నాకు నేటికిని బోధపడలేదు.) జనులొక షెరీఫును ఎన్నుకొనిరి. తుదకు నిర్మాతలు పట్టణమున ఆయుధములును చౌర్యమును పాఱకుండునట్లును, వెలుపలి యరణ్యమున పాఱునట్లును ఏర్పాటు కావించిరి.

కాలిఫోర్నియాలో జెరాక్స్ పరిశోధనాలయమునందు పావెల్ కర్టిస్ నడపిన 'లాంబ్డామూ' అను అక్షరలోకమున 1992 డిసెంబరులో, విజార్డులు ఇక జనుల తగవులలో తలదూర్పబోరని ప్రకటన వెలువడెను. మూడు నెలలు గడచునప్పటికి 'మిస్టర్ బంగిల్' అను పేరు గల యొకడు చేతబడి బొమ్మవంటి సాధనముతో, చావడిలో అందఱు చూచుచుండగా, పరుల పాత్రలు సిగ్గుమాలిన కృత్యములు చేయుచున్నట్లు వ్రాయించెను. సభ కూడినది, వాదములు సాగినవి, తీర్పు మాత్రము కాలేదు. అందఱును వెడలినపిదప ఒక విజార్డు తనంత తానే వానిని 'టోడ్' చేసెను, అనగా కప్పగా మార్చెను. ఆ లోకపు పరిభాషలో అది పాత్రను సమూలముగా తుడిచివేయుట. అగస్త్యశాపమున కొండచిలువయైన నహుషుడు శాపవిమోచనమునకై యుగములు నిరీక్షించెను. బంగిల్ అంత యోపిక పట్టక, క్రొత్తపేరుతో త్వరలోనే మఱల లోనికి వచ్చినట్లు ఆ వృత్తాంతమును లోకమునకు తెలిపిన పాత్రికేయుడు జూలియన్ డిబెల్ భావించెను. కర్టిస్ తరువాత అర్జీలను, వోట్లను ప్రవేశపెట్టెను. 1996లో ఆ ప్రయోగము చాలునని విజార్డులు పగ్గములను తిరిగి చేతబట్టిరి.

ఇవన్నియు చిన్న పల్లెలు. 1997 సెప్టెంబరున వెలువడిన 'అల్టిమా ఆన్‌లైన్' మహానగరము. అది వెలువడుటకు ముందు ఆగస్టులో జరిగిన పరీక్షలలోనే, నిర్మాతయగు రిచర్డ్ గారియట్ ధరించిన 'లార్డ్ బ్రిటిష్' అను రాజపాత్రను ప్రజలయెదుట ఒక ఆటగాడు అగ్నిమంత్రముతో దగ్ధము చేసెను. రాజుకే లేని రక్ష క్రొత్తవాని కెక్కడిది? ఊరిలో 'గార్డ్స్' అని కేకవేసినచో భటులు తటాలున ప్రత్యక్షమై దుండగుని నఱకుదురు. ఊరు దాటినచో దైవమే దిక్కు. గునపము భుజమున వేసికొని లోహపురాయి త్రవ్వుకొనుటకై కొండకు పోయినవాడు ఒక అశ్వికుని చేత కూలి, బూడిదవన్నె వస్త్రము కప్పుకొన్న ప్రేతమై లేచి, తన గోడు చెప్పుకొనబోవగా, ఆ పలుకులు బ్రదికియున్నవారికి కేవలము "ఓఓఓ" అని వినవచ్చును! తరువాతి కాలమున హతుడైనవానికి హంతకునిపై ఫిర్యాదు చేయు అవకాశము కల్పించి, అట్టి హత్యలు అయిదు నిండినవాని పేరును ఎఱ్ఱచేయు పద్ధతి వచ్చినది. హంతకులు దానికిని వెఱవలేదు. ఎఱ్ఱపేరు వారికి బిరుదమైనది.

2000లో ఆరిజిన్ సంస్థవారు లోకమునే రెండుగా చేసిరి: పాతది ఫెలూకా, దానికి ప్రతిబింబమగు క్రొత్తది ట్రామెల్. ట్రామెల్‌లో సమ్మతి లేనివానిపై కత్తి దూయ వీలులేదు. జనులు వెల్లువవలె అందులోనికి తరలిరి. హంతకులను వేటాడి క్రొత్తవారిని కాచుటయే వ్రతముగా గల దళములవారు కొందఱు, తమ ధర్మమునకు తావు లేకుండ పోయెనని దుఃఖించిరి. వారి దుఃఖము నాకు తెలియును గాని, దానితో నేను ఏకీభవింపజాలను. రక్షకుని శౌర్యము రాణించుటకై క్రొత్తవాడు రోజునకొకసారి చావవలసిన పనిలేదు.

ఫెలూకా నేటికిని ఉన్నది. రెండు లోకములును కంటికి వేఱువేఱుగా తోచుటకై ఆనాడు ఫెలూకాలోని చెట్ల ఆకులను రాల్చివేసి, నేలపై సమాధిరాళ్లు నాటిరి. ఆ మోడులట్లే నిలిచియున్నవి.