మొండిబిడ్డ, తల్లిపై నింద

బిడ్డ మొండివాడైతే దోషం తల్లిదే అనే అభిప్రాయం 1950 ప్రాంతంలో అమెరికా మనోవైద్యులలో ప్రబలంగా ఉండేది. స్టెల్లా చెస్, అలెగ్జాండర్ థామస్ అనే వైద్యదంపతులు దీనిని శంకించారు. 1956లో న్యూయార్కులో పసిబిడ్డలను కొద్ది నెలల వయస్సునుండే పరిశీలించడం ప్రారంభించి, 133 మందిని పెద్దవారయ్యేవరకు గమనించారు.

నిద్రాహారాల క్రమం, చురుకుదనం, కొత్తకు అలవాటుపడడం మొదలైన 9 లక్షణాలలో శిశువులు మొదటినుండే భిన్నులని తేలింది. నూటికి సుమారు 10 మంది సులభంగా లొంగనివారు. వీరిలో చాలమందికి తరువాత చిక్కులు కలిగాయి; అందరికీ కాదు. బిడ్డ స్వభావానికి, పెద్దల పద్ధతికి పొందిక కుదిరినచోట ఎదుగుదల సవ్యంగా సాగింది.

కనుక ఆ వైద్యులు తల్లిదండ్రులను నిందించక, బిడ్డ తీరును వివరించి, దానికి తగిన పద్ధతులను సూచించారు. స్వభావాన్ని ఎవరూ ఎంచుకోలేరు, పద్ధతిని మార్చుకోవచ్చు. తరగతిగదికీ ఇది వర్తిస్తుంది.