తెర ముందటి వాద్యకారుడు

1912లో సాక్చిలో టాటాల కర్మాగారం తొలి ఉక్కు పోసింది. మరుసటి ఏడు బొంబాయిలో ఫాల్కే ‘రాజా హరిశ్చంద్ర’ ప్రదర్శనకు వచ్చింది. 1919లో సాక్చి జంషెడ్‌పూర్ అయింది. అంటే ఆ ఉక్కునగరం, మన మూకీ సినిమా ఒకే కాలపు బిడ్డలు. బెంగాలీలు, ఒడియాలు, బిహారీలు, ఆదివాసులు, మన ఉత్తరాంధ్ర నుంచి వలస వెళ్లిన తెలుగువారు కలిసి నిలబెట్టిన ఊరది. భాలుబాసా నుంచి కద్మా దాకా అక్కడ నేటికీ పలు భాషలు వినిపిస్తాయి. అటువంటి ఊరికి మూకీని మించి తగిన కళ లేదు. మాట లేదు గనుక భాషా తగవూ లేదు.

అయితే మూకీ ఏనాడూ నిశ్శబ్దంగా ఆడలేదు. దొరల కోసం కట్టిన థియేటర్లలో పియానో, చిన్న వాద్యబృందం ఉండేవి. దేశీయుల థియేటర్లలో హార్మోనియం, తబలా ఆ పని చేసేవి. బొమ్మ ఎక్కడైనా ఒకటే. దానికి పలికే రాగం మాత్రం ఆ ఊరి వాద్యకారుడిది. కాబట్టి ఒకే చిత్రం ఊరూరా వేరువేరుగా వినిపించేది.

తెలుగువారి సినిమా చరిత్రకు ఆద్యుడైన రఘుపతి వెంకయ్య తొలినాళ్లలో కొన్నది క్రోనోమెగాఫోన్. బొమ్మకు గ్రామఫోను ధ్వనిని జతచేసే యంత్రమది. 1914లో మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టింది, 1921లో కుమారుడు ప్రకాశ్‌తో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీయించింది ఆయనే. ఆ చిత్రం నేడు లేదు. దేశంలో తయారైన సుమారు 1,300 మూకీలలో మిగిలినవి ముప్పై దాకా మాత్రమే. రీలుకే దిక్కులేనప్పుడు, రీలుపై ఎక్కని సంగీతం మాట చెప్పేదేముంది?

1931లో ‘ఆలం ఆరా’, 1932లో ‘భక్త ప్రహ్లాద’ వచ్చాయి. తెరపై తెలుగు వినిపించడం చిన్న విజయం కాదు. కానీ దానికి మనం చెల్లించిన మూల్యాన్ని చరిత్రలు అంతగా లెక్కించలేదు. ప్రేక్షకులు భాషలవారీగా విడిపోయారు. తెర ముందు వాద్యకారుడి చోటు ఖాళీ అయింది.

ఆ చోటు ఇప్పుడు మళ్లీ నిండుతోంది. 1928 నాటి ‘షీరాజ్’ను బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పునరుద్ధరించగా, అనూష్కా శంకర్ కొత్తగా కూర్చిన సంగీతంతో అది 2017లో హైదరాబాద్‌కూ వచ్చింది. 2019 అక్టోబరులో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో ‘బాహుబలి’ ఆడుతుండగా కీరవాణి సంగీతాన్ని వాద్యబృందం ప్రత్యక్షంగా వినిపించింది. మనకది గర్వకారణమే. అయితే ఆ ప్రదర్శన ఎలా సాధ్యమైందో ఆలోచించాలి. ఇటువంటి ప్రదర్శనల్లో చిత్రం నుంచి సంగీతాన్ని తీసివేసి, మాటలనూ ఇతర శబ్దాలనూ ఉంచుతారు. నిర్వాహకుడు తెరను చూస్తూ క్షణం తప్పకుండా వాద్యాలను నడిపిస్తాడు. అందుకు విడివిడి శబ్దపథాలు కావాలి, స్వరలిపి కావాలి.

1957 నాటి ‘మాయాబజార్’ను ఇలా ప్రదర్శించాలంటే? మాట, పాట, చప్పుడు అన్నీ కలిసిపోయిన ఒకే శబ్దపథం మాత్రమే మిగిలితే, ఘంటసాల సంగీతాన్ని విని, స్వరం స్వరం తిరిగి రాసుకోవలసిందే. 2022లో జాతీయ చలనచిత్ర వారసత్వ మిషన్ కింద సుమారు 2,200 చిత్రాల పునరుద్ధరణకు 363 కోట్ల రూపాయలు కేటాయించినట్టు కేంద్రం ప్రకటించింది. మంచిదే. కానీ వారసత్వమంటే బొమ్మ ఒక్కటే కాదు. స్వరలిపి, విడి శబ్దపథాలు, వాద్యకారుల పేర్లు కూడా ప్రజల ఆస్తి పట్టికలో చేరాలి. మన రెండు తెలుగు ప్రభుత్వాలూ ఏటా అవార్డుల గురించి మాట్లాడినంతగా ఈ భద్రత గురించీ మాట్లాడాలి.

దీనికి రాయల్ ఆల్బర్ట్ హాలే అక్కరలేదు. మిగిలిన మూకీలలో ఒకదాన్ని భాలుబాసా వంటి పేటలో తెరపై వేసి, ముందు ఒక హార్మోనియం, ఒక తబలా, ఒక ఆదివాసీ మాందర్ ఉంచితే చాలు. తెలుగువాడికీ సంతాలీకీ వేరువేరు ఆట వేయనక్కరలేదు. నూరేళ్ల కిందట మన సినిమాకు ఆ శక్తి ఉండేది. దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ.