‘పీఎల్‌టీ’ వెనకాల ఉన్న మనిషి

పైథాన్‌లో గ్రాఫ్ గీసినవాళ్లు దాదాపు అందరూ ఒక లైన్ రాసే ఉంటారు: ఇంపోర్ట్ మ్యాట్‌ప్లాట్‌లిబ్ డాట్ పైప్లాట్ యాజ్ పీఎల్‌టీ. బీటెక్ ల్యాబ్‌లో నేనూ పక్కవాడి రికార్డ్ చూసి కాపీ కొట్టా. ఆ లైబ్రరీ ఎవరు రాశారో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఈరోజు ఆయన గురించే.

పేరు జాన్ హంటర్. వృత్తిరీత్యా ప్రోగ్రామర్ కాదు, న్యూరోబయాలజీ పరిశోధకుడు. యూనివర్సిటీ ఆఫ్ షికాగోలో మూర్ఛ రోగుల మెదడు సిగ్నల్స్ మీద పనిచేసేవారు. వాటిని చూడటానికి ల్యాబ్‌లో ఒక పెయిడ్ సాఫ్ట్‌వేర్ ఉండేది. లైసెన్స్ మాత్రం ఒక్కటే! డాంగుల్ అని చిన్న హార్డ్‌వేర్ కీ ఉంటుంది, అది పెడితేనే సాఫ్ట్‌వేర్ నడుస్తుంది. స్టూడెంట్స్, పరిశోధకులు అందరూ ఆ ఒక్క డాంగుల్ కోసం వంతులు వేసుకోవాల్సిందే. ఇంటిల్లిపాదికీ ఒకే ఛార్జర్ ఉన్నట్టు.

హంటర్ ముందు మ్యాట్‌ల్యాబ్‌లో సొంత ప్రోగ్రామ్ రాసుకున్నారు. అది పెద్దదయ్యేకొద్దీ మ్యాట్‌ల్యాబ్ సరిపోలేదు. పైథాన్‌కి మారారు. అక్కడ తనకి కావలసినట్టు గ్రాఫ్‌లు గీసే లైబ్రరీ లేదు. 2002లో ఐపైథాన్ ప్రాజెక్టుకి ఆ పని చేసే కోడ్ పంపారు. దాన్ని రాసిన ఫెర్నాండో పెరెజ్ అప్పుడు పీహెచ్‌డీ పూర్తిచేసే హడావిడిలో ఉన్నారు, చూసే టైమ్ లేదన్నారు. సరే అని హంటర్ విడిగా మొదలుపెట్టేశారు. 2003లో మ్యాట్‌ప్లాట్‌లిబ్ బయటికొచ్చింది, అందరికీ ఉచితంగా. తర్వాత వాళ్లిద్దరూ మంచి స్నేహితులయ్యారు కూడా.

ప్లాట్, ఎక్స్‌లేబుల్, లెజెండ్... మనం వాడే ఈ పేర్లన్నీ మ్యాట్‌ల్యాబ్ కమాండ్లే. అది అలవాటైనవాళ్లు తేలిగ్గా మారాలని కావాలనే అలా పెట్టారు.

2012 జులైలో హంటర్ సైపై కాన్ఫరెన్స్‌లో ప్రసంగించారు. ఆ తర్వాత కొద్దిరోజులకే క్యాన్సర్ అని తెలిసింది. ఆగస్టు 28న చనిపోయారు. వయసు 44. ముగ్గురు కూతుళ్లు.

మరి లైబ్రరీ? అది ఆగలేదు. ఎందుకంటే దానికి డాంగుల్ లేదు. కోడ్ అందరి చేతుల్లో ఉంది. మైకేల్ డ్రోట్‌బూమ్, తర్వాత థామస్ కాస్వెల్ బాధ్యత తీసుకున్నారు. 2017లో వచ్చిన 2.0 వెర్షన్‌లో డిఫాల్ట్ రంగులు మారాయి. 2019లో ప్రపంచం మొత్తం చూసిన బ్లాక్ హోల్ ఫొటో వెనకాల వాడిన టూల్స్‌లో ఇదీ ఒకటి. అది చూడటానికి హంటర్ లేరు.

ఆ లైన్ కాపీ కొట్టండి, తప్పేం లేదు. కానీ 2007లో హంటర్ ఈ లైబ్రరీ గురించి ఒక పేపర్ రాశారు. మీ ప్రాజెక్ట్ రిపోర్ట్‌లో గ్రాఫ్‌లు దీంతో గీసి ఉంటే, చివరి పేజీలో ఆ పేపర్ పేరు కూడా రాయండి. ఆయన మన దగ్గర రూపాయి తీసుకోలేదు. కనీసం పేరైనా రాద్దాం.